దంచిన జీలకర్ర

ప్రపంచంలో మిగిలిన ఆఖరి మంచి జీలకర్రను మా అక్క హరిణి రోట్లో వేసి, బెల్లం పెట్టి దంచేసింది. తప్పు ఆమెది కాదని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను. ఆ రోజు మాత్రం నా నోట ఆ మాట రాలేదు. ఆ రోజు నేనన్న మాటలు పెళ్లింట అనదగినవి కావు.

జీలకర్ర అనగానే ఇప్పటి పిల్లలకు దాని వాసనొచ్చే సెంటు సీసా గుర్తొస్తుంది కాబట్టి కొంచెం వెనక్కి వెళ్లాలి. నా చిన్నప్పుడు అది ప్రతి పోపుల డబ్బాలోనూ ఉండేది. చారులో ఉండేది, మజ్జిగలో ఉండేది, కడుపు నొప్పి అంటే అమ్మ గుప్పెట్లో ఉండేది. తరువాత ఎండు తెగులు ముదిరింది. మట్టిలో ఉండే ఒక బూజు, వేళ్లగుండా పైకెక్కి మొక్క గొంతు నొక్కేస్తుంది. పొద్దున పచ్చగా ఉన్న చేను సాయంత్రానికి తల వేలాడేస్తుంది. ఒకసారి నేలకు పట్టిందంటే ఏళ్లకేళ్లు వదలదు. పడమటి రాష్ట్రాల చేలన్నీ పోయాయి, తరువాత పరాయి దేశాలవీ పోయాయి. గింజలు విత్తన బాంకుల్లో భద్రంగా ఉన్నాయి, కాదనను. విత్తితే మొలుస్తాయి, మొలిచి చస్తాయి.

చారులో జీలకర్ర లేకపోయినా జనం సర్దుకున్నారు. పెళ్లిలో మాత్రం సర్దుకోలేకపోయారు. ముహూర్తానికి వధూవరులు ఒకరి తల మీద ఒకరు పెట్టుకోవలసింది జీలకర్రా బెల్లమే కదా. వాముకు సెంటు చుక్క కలిపి, బెల్లంతో నూరి కానిచ్చేవాళ్లు. ఈ కాలపు జంటలు కీచులాడుకుంటున్నారంటే ఈ వాము పెళ్లిళ్ల వల్లేనని పెద్దవాళ్లు సణుగుతుండేవారు. జీలకర్ర పుష్కలంగా ఉన్న రోజుల్లో జుట్టూ జుట్టూ పట్టుకున్న మొగుడూ పెళ్లాలు వాళ్లకెవరికీ గుర్తురారు.

నేను పనిచేసేది నంద్యాలలోని ఒక చిన్న పరిశోధనాలయంలో. నాతో ఫయాజ్ అనే కుర్ర శాస్త్రవేత్త పనిచేస్తాడు. తెగులు సోకిన నేలలన్నీ తిరగడం అతని పని. ఆ తిరుగుడులో ఒకచోట, మాడిపోయిన చేను నడుమ, ఒకే ఒక్క మొక్క నిక్షేపంగా నిలబడి కాయ కాస్తూ కనిపించింది. దాని గింజలు రెండు చెంచాలకు మించలేదు. ఫయాజ్ వాటిని జేబురుమాలులో మూటగట్టి, రైల్లో ఆ మూటను గుండెకు ఆనించుకుని కూర్చుని తెచ్చాడు.

విత్తనం ఎప్పుడూ ఒకే కప్పు కింద ఉంచకూడదన్నది మా వృత్తిలో మొదటి పాఠం. అందుకని సగం లాబులో ఉంచి, సగం గాజు డబ్బాలో వేసి, మూత మీద అంకెలు రాసి, అక్క ఇంటి ఫ్రిజ్‌లో పెట్టాను. నాకు పెళ్లీ పిల్లలూ లేవు. క్వార్టర్సు లాబు ఆవరణలోనే. వేరే కప్పు అంటే నాకు అక్క ఇల్లే.

"చానా విలువైంది అక్కా, జాగ్రత్త," అన్నాను.

అక్క డబ్బాను వెలుతురుకు ఎత్తి చూసింది. ఆమె కళ్లు చెమ్మగిల్లాయి. నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే తీరికా లేదు. అక్క కూతురు సమన్వికి సంబంధం కుదిరి, ఇంట్లో సున్నాలు వేయిస్తున్న రోజులవి. సమన్విని పెంచిన పుణ్యంలో సగం నాదే. అలాంటి పిన్ని, జీలకర్ర దొరకని కాలంలో, పెళ్లి ముందు జీలకర్ర తెచ్చి చేతిలో పెట్టి "విలువైంది" అంటే ఏ తల్లి అయినా ఏమనుకుంటుంది? నాకు తట్టలేదు. నా బుర్రంతా ఎండు తెగులుతో నిండి ఉంది.

లాబులో ఉన్న సగాన్ని తెగులు మట్టిలోనే విత్తాం. మొలిచాయి. ఒక్కటీ వాడలేదు. ఫయాజ్ పొద్దునే వచ్చి ఆ నారుకు సలాం కొట్టి మరీ పని మొదలుపెట్టేవాడు. ఇక వీటిని పెంచి, పూయించి, గింజ కట్టిస్తే చాలు, రైతుల చేతికి వెళ్లినట్టేనని సంబరపడ్డాం.

పెళ్లి మే నెలలో. నంద్యాల మే నెల గురించి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకు చెప్పినా నమ్మరు. పెళ్లి రోజు పొద్దున పట్టుచీర కట్టుకుని, మొక్కలకు ఒకసారి మొహం చూపించి మండపానికి పోదామని లాబుకు వెళ్లాను. నారు గది తలుపు తీయగానే వేడి గాలి ముఖాన కొట్టింది. చల్లదనం మిషను ఆగిపోయి ఉంది. ఆగినట్టు కూత పెట్టాల్సిన గంట కూడా ఆగిపోయి ఉంది. నారంతా ఉడికిన తోటకూరలా మట్టికి అతుక్కుపోయింది.

ఫయాజ్ ఒక్కో మొక్కనూ వేలితో ఎత్తి చూశాడు. ఏదీ నిలబడలేదు.

"మిగతా సగం ఉంది కదా మేడం," అన్నాడు, నన్ను కాదు తనను తాను ఓదార్చుకుంటున్నట్టు.

అప్పుడు అక్కకు ఫోను చేశాను. వెనక సన్నాయి వినిపిస్తోంది. అందరూ ఉగ్గాణి బజ్జీలు తింటున్న సందడి.

"యాడుండావే? పిల్ల పిన్ని యాడ, పిన్ని యాడ అని అడుగుతాంది."

"అక్కా, ఫ్రిజ్‌లో నేను పెట్టిన డబ్బా..."

"తెచ్చినా తెచ్చినా. అది మర్చిపోతానా? ఇప్పుడే ముత్తైదువలతో దంచిచ్చినా. ఏం వాసనే అది! మండపమంతా గుప్పుమనింది. ముసిలోళ్లంతా రోటి చుట్టూ మూగినారు. నా బిడ్డ పెండ్లికి ఇంత చేస్తావని..."

గోరుచుట్టు మీద రోకటి పోటు అన్న మాట నేను జీవితంలో చాలాసార్లు వాడాను. అర్థం ఆ రోజు తెలిసింది.

ఇక్కడ మా దాది సంగతి చెప్పాలి. ఒకసారి అక్క లాబుకు వచ్చి, గాజు సీసాలో నారింజ రంగు ముద్దను చూసి, "క్యారెట్టు మీద ఇన్నేండ్లు ఏం చేస్తాండావే, హల్వానా?" అని అడిగింది. నేను నవ్వలేదు. క్యారెట్లో ఒక వింత ఉంది. దాని ఒంట్లోంచి ఒకే ఒక్క కణాన్ని వేరుచేసి, తగిన పోషణ ఇస్తే, అది గింజలోని అంకురంలా పెరిగి మళ్లీ నిండు మొక్క అవుతుంది. జీలకర్ర కణానికి ఆ ఓర్పు లేదు. ఒంటరిగా ఉంచితే చస్తుంది. క్యారెట్, జీలకర్ర, ధనియాలు, వాము, సోంపు, ఇంగువ, సరస్వతాకు అన్నీ ఒక ఇంటి ఆడపడుచులే. గొడుగు విప్పినట్టు పూస్తాయి, ఒంటినిండా వాసన దాచుకుంటాయి. కోట్ల ఏళ్ల కిందట వేరుపడ్డా, కణం లోపల మాట్లాడుకునే భాష పూర్తిగా మరిచిపోలేదు. ఆ భాషలో "భయపడకు, పెరుగు" అని చెప్పగల క్యారెట్ ముద్దను తయారు చేయడానికి నా నడివయసంతా పట్టింది. పక్కింటి బిడ్డకు పాలిచ్చే తల్లి కాబట్టి దాది అని పేరు పెట్టాను. దాదిలోంచి ఎంత ముక్క కోసి వాడితే అంత ముక్కా ఎండి చచ్చిపోతుంది. అందుకే ఎప్పుడూ గోరంత గోరంత కోసేదాన్ని.

దంచితే గింజ చస్తుంది గానీ, కచ్చాపచ్చాగా దంచిన గింజలో కొన్ని కణాలైనా బతికుండవచ్చు. పైగా బెల్లంలో ఉన్నాయి. కణాలను చిక్కటి తీపిలో నిద్రపుచ్చడం మేము రోజూ చేసే పనే. దీన్ని విని, మన పెద్దలకు అంతా ముందే తెలుసని ఎవరూ బయలుదేరకండి. మా అక్కకు ఏమీ తెలియదు, తెలిస్తే దంచేది కాదు.

ఫయాజ్, నేను ఐసు పెట్టె పట్టుకుని మండపానికి పరుగెత్తాం. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు ఉందని మమ్మల్ని చూసినవాళ్లు అనుకునే ఉంటారు.

అప్పటికే అడ్డుతెర పట్టారు. ఇటు సమన్వి, అటు పెళ్లికొడుకు ఋత్విక్. తమలపాకుల్లో ముద్దలు పెట్టి ఉన్నాయి. నేను చెప్పులతోనే వేదిక ఎక్కాను.

"ఆ ముద్ద నాకివ్వు అక్కా! దేశంలో మిగిలిన విత్తనం అది!"

అక్క మొదట నవ్వింది. తరువాత నా ముఖం చూసి నవ్వు ఆపింది. "ముహూర్తానికి ఏం మాటలే ఇవి? నువ్వే గదా తెచ్చిస్తివి."

"దాచమని ఇచ్చినా, దంచమని కాదు! నీకు బుద్ధుందా? అంకెలు రాసిన డబ్బా వంటకు తెస్తారా ఎవరైనా?"

మైకు పక్కనే ఉంది. మండపమంతా వినింది. అక్క ముఖం ఎలా అయిందో నేను చూశాను, అయినా ఆగలేదు. ఇంకో నాలుగు మాటలన్నాను. వాటిని ఇక్కడ రాయను.

పెళ్లికొడుకు తల్లి శిరీషగారు లేచి నిలబడ్డారు. "ఏంది వదినా ఇది? వేళ మించిపోతాంది."

తెర అవతల నుంచి సమన్వి గొంతు వినిపించింది. "పిన్నీ, అంతా కావల్నా నీకు?"

నేను జవాబు చెప్పేలోగా పంతులుగారే అందుకున్నారు. "గోరంత చాలమ్మా. శాస్త్రం జీలకర్ర పెట్టమనింది గానీ తూకం చెప్పలేదు."

చెరో గోరంత ఆకుల్లో మిగిల్చి తక్కినదంతా గిన్నెతో సహా ఐసులో పెట్టుకుని పరుగు తీశాను. వెనక గట్టిమేళం మోగింది. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల మెడలో తాళి పడుతుంటే నేను ఆటోలో ఐసు పెట్టె వాటేసుకుని కూర్చున్నాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా.

లాబులో ముద్దను కొంచెం కొంచెం తీసి, రంగు కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాం. బతికిన కణం పచ్చగా మెరుస్తుంది, చచ్చినది ఎర్రగా. మొదటి గాజు పలక ఎరుపు. రెండోది ఎరుపు. తరువాతవన్నీ ఎరుపే. కుంకుమ చల్లినట్టు ఎరుపు.

"దంచడం వల్ల కాదు మేడం," అన్నాడు ఫయాజ్. "గోడలు పగల్లేదు చూడండి. పొర చిట్లింది. చలికి."

నిజమే. ఎండు గింజ ఎంత చలినైనా ఓర్చుకుంటుంది. తడి తాగిన గింజను హఠాత్తుగా చల్లబరిస్తే లోపలి పొరలు చిట్లుతాయి. బెల్లంలో తడి ఉంది. ఈ ముక్క ఏటేటా కొత్త పిల్లలకు బోర్డు మీద రాసి చెప్పేది నేనే. అక్క రోకలితో చంపలేని దాన్ని నేను ఐసుతో చంపాను. ఫయాజ్ మర్యాదస్తుడు. ఆ మాట అనలేదు.

"ఐసు తగలనిది ఇంకా కొంచెం ఉంది కదా," అన్నాడు.

ఉంది. ఇద్దరి తలల మీద.

మళ్లీ మండపానికి వెళ్లేసరికి భోజనాల బంతి నడుస్తోంది. బక్షాలు వడ్డిస్తున్నారు. వధూవరులకు మిట్టమధ్యాహ్నం అరుంధతి నక్షత్రం చూపించి తెచ్చి కూర్చోబెట్టారు. ఇద్దరి నడినెత్తినా బెల్లం ఎండి, వెంట్రుకలకు పట్టుకుని, పైన తలంబ్రాల బియ్యం అంటుకుని ఉంది. నన్ను చూడగానే జనం పక్కకు తప్పుకున్నారు. పిచ్చిదానికి దారిచ్చినట్టే ఇచ్చారు.

అక్క వంటశాల గుమ్మం దగ్గర ఒక్కతే కూర్చుని ఉంది. ముందు విస్తరి, విస్తట్లో అన్నం కలపకుండా అలాగే ఉంది.

"చచ్చిపోయినాయి అక్కా," అన్నాను. "నేనే చంపినా. ఐసులో పెట్టి."

ఆమె తలెత్తింది. "అన్నీనా?"

"పిల్లల తల మీద ఉండేది తప్ప. అదన్నా బతికుందో లేదో. నీళ్లతో కడిగితే కణాలు ఉబ్బి పగిలిపోతాయి. దువ్వితే రాదు. వెంట్రుకలతో పాటే కత్తిరించి తీసుకోవాల."

ఈ మాట చెవిన పడ్డ శిరీషగారు ఊరుకోలేదు. ఊరుకోమని ఎవరం అడగగలం? "కొత్త పెండ్లికూతురికి నడినెత్తిన జుట్టు కత్తిరిస్తారా? ఎవరన్నా చేసే పనేనా? నా కోడలు మా ఇంట్లో అడుగు పెట్టేది ఇట్లనా?"

"అమ్మా, ముందు నాది తీస్తారులే," అన్నాడు ఋత్విక్. కూర్చున్నచోటే తల వంచాడు. "రండి చిన్నత్తా. ఎట్లున్నా ఇంకో రెండేండ్లలో ఊడిపోయేదే, మా నాయన్ను చూడండి."

ఆ పిల్లవాడి మీద నాకు అప్పుడే గౌరవం పుట్టింది. కానీ సమన్వి నవ్వలేదు. తన జుట్టు మీద ఆ పిల్లకు ఎంత మమకారమో నాకు తెలుసు. చిన్నప్పుడు క్షౌరశాల బోర్డు చూస్తేనే ఏడ్చేది. ఆమె పూలజడను ముందుకు లాక్కుని రెండు చేతులతో పట్టుకుంది.

"పిన్నీ, అది బతుకుతుందని నమ్మకమా?"

"లేదు," అన్నాను. అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు. "ఉంటే ఒకటో రెండో కణాలు. లేకుంటే అదీ లేదు."

అప్పుడు అక్క లేచింది. పూలు కట్టే ఆమె దగ్గర కత్తెర తీసుకుంది. చీర కొంగుతో దాన్ని తుడిచింది. శిరీషగారి ముందుకు వెళ్లి నిలబడింది.

"వదినా, దీంట్లో అశుభం ఏదన్నా ఉంటే అది నాకు తగలనీ. దంచింది నేను. నా బిడ్డ మంచి కోసరమే దంచినా. ఇప్పుడు ఊర్లో ఏ బిడ్డ పెండ్లికీ అది లేకుండా పోతే నేను తట్టుకోలేను."

శిరీషగారు తనే వెళ్లి కోడలి పాపిడి బిళ్ల విప్పారు. "పూలు ఎక్కువ పెడితే ఫోటోల్లో కనపడదులే," అన్నారు. ఆమె గొంతు ఇంకా కోపంగానే ఉంది. చేతులు మాత్రం మెత్తగా ఉన్నాయి.

కత్తిరించింది అక్కే, ముందు ఋత్విక్‌ది, తరువాత సమన్విది. సమన్వి కళ్లు గట్టిగా మూసుకుంది. గుండ్రంగా, రూపాయి బిళ్లంత మేర, నడినెత్తిన తెల్లటి చర్మం కనిపించింది. నేను రెండు కుచ్చులనూ వేరువేరుగా శుభ్రమైన గాజు సీసాల్లో వేసుకున్నాను. ఈసారి ఐసు లేదు. సీసాలను అరచేతుల్లో పెట్టుకునే వెళ్లాను.

పంచదార పాకంలో మెల్లమెల్లగా కరిగించి చూశాం. ఋత్విక్ కుచ్చులో అన్నీ ఎరుపే. అతను తలకు రాసుకున్న జెల్లు వాటిని కాల్చేసింది. సమన్వి కుచ్చులో కూడా ఎరుపు, మళ్లీ ఎరుపు. ఫయాజ్ పలక జరుపుతూనే ఉన్నాడు. ఉన్నట్టుండి అతని చెయ్యి ఆగింది. నన్ను భుజం పట్టి కుర్చీలోకి నెట్టాడు. చూశాను. ఎర్రటి చెత్త నడుమ పచ్చటి చుక్కలు. కొన్నే, కానీ ఉన్నాయి.

అంత కొద్ది కణాలు, అంత దెబ్బ తిన్నవి. గోరంత దాది సరిపోదని ఇద్దరికీ తెలుసు. ఫయాజ్ అడగలేదు. నేనే సీసా మూత తీసి దాదినంతా కోసి పరిచాను. నా నడివయసంతా ఆ గాజు పళ్లెంలో ఉంది. దాని మీద సమన్వి తలలోంచి వచ్చిన పచ్చ చుక్కలను పడుకోబెట్టాం. అవి చస్తే దాదీ లేదు, జీలకర్రా లేదు. అలాంటి దాదిని మళ్లీ పెంచేంత ఆయుష్షు నాకుందో లేదో తెలియదు. భయమేసింది. అయినా ఆ పని చేసినందుకు నాకు ఇవాళ్టికీ విచారం లేదు.

తరువాతి వారాల్లో దాది అంచుల నుంచి గోధుమరంగుకు తిరగసాగింది. ప్రతి పొద్దునా అక్క లాబుకు వచ్చేది. గుమ్మం దగ్గరే చెప్పులు విడిచి, మెట్ల మీద కూర్చునేది. లోపలికి రమ్మంటే వచ్చేది కాదు.

"నేను ముట్టుకుంటే ఏమైతాదో," అనేది.

ఆమె బాగా చిక్కిపోయింది. ఆ రోజు విస్తరి ముందు నుంచి లేచింది లేచినట్టే, సరిగ్గా తిండి తినడం లేదని బావ ఫోను చేసి చెప్పాడు. ముద్ద నోట్లో పెట్టుకోగానే రోటి చప్పుడు వినిపిస్తుందట. మండపంలో మైకు ముందు నేనన్న మాటలు కూడా వినిపిస్తూ ఉంటాయని నాకు తెలుసు. ఆమె అది చెప్పలేదు. నేను క్షమాపణ అడిగాను. "నువ్వేం తప్పన్నావు, ఉండేదే గదా," అంది. ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ కోసింది.

ఒకరోజు బలవంతంగా లోపలికి లాక్కొచ్చి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను. కణాలు అప్పటికి అంకురాలయ్యాయి. మొదట గుండ్రంగా ఉండి, తరువాత పైన నొక్కు పడి, గుండె ఆకారంలోకి తిరుగుతాయి. ఏ మొక్కదైనా అంతే.

"ఇవి జీలకర్ర పిల్లలా?"

"ఊఁ."

"మరి దాది?"

"అయిపోయింది."

అక్క నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

అంకురాలు మొక్కలయ్యాయి. సన్నటి, దారాల్లాంటి ఆకులు. సీసాలోంచి మట్టికి మార్చేటప్పుడు సగం పోయాయి, మిగిలినవి వేళ్లూనాయి. ఒక మొక్కను పీకి చూస్తే వేరు మామూలు జీలకర్ర వేరుకన్నా కొంచెం లావుగా, చివర లేత నారింజ రంగులో ఉంది. దాది పాలు ఊరికే పోలేదు. అదే నన్ను కలవరపెట్టింది. పెంపుడు తల్లి దగ్గర స్వభావం మారి, తెగులును తట్టుకునే గుణం పోయి ఉంటే? అప్పుడిది ఉత్త జీలకర్ర. మొలిచి చచ్చే జీలకర్ర.

తేల్చుకోవడానికి ఒకటే దారి. కొన్నింటిని తెగులు మట్టిలో నాటాం. పక్క వరుసలో బాంకు నుంచి తెచ్చిన మామూలు జీలకర్ర నారు నాటాం. మామూలు వరుస పడిపోయే రోజు మా వరుస సంగతి తెలుస్తుంది. ఈ మాట అక్కకు చెప్పకూడదనుకున్నాను. ఫయాజ్ చెప్పేశాడు. రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు వెరవడమెందుకని అతని ఉద్దేశం.

మామూలు వరుస తల వాల్చిన రోజు పొద్దునే అక్క వచ్చింది. ఈసారి పిలవకుండానే లోపలికి వచ్చి, మా వరుస ముందు పీట వేసుకుని కూర్చుంది. సమన్వి కూడా వచ్చింది. తలకు స్కార్ఫు కట్టుకుంది. నడినెత్తిన జుట్టు ముళ్లలా లేచి నిలబడుతోందని, ఋత్విక్ దాన్ని రోజూ నిమిరి నవ్వుతాడని చెప్పింది. కోపంగా చెప్పాలని చూసి తనూ నవ్వేసింది.

పదకొండు దాటాక ఎండ ముదిరింది. మామూలు వరుస నేలకు అతుక్కుపోయింది. మధ్యాహ్నం అయ్యేసరికి మా వరుసలో కూడా కొసలు వంగడం మొదలైంది. ఒకటి వంగింది. పక్కది వంగింది. చూస్తుండగానే అన్నీ తలలు వేలాడేశాయి.

ఫయాజ్ బయటికి వెళ్లిపోయాడు. నేను గోడకు చేరబడ్డాను.

అక్క మాత్రం కదల్లేదు. మొక్కల మీదికి వంగి, వాటితో మాట్లాడటం మొదలుపెట్టింది. పాపం, మతి చలించిందేమోనని హడలిపోయాను.

"లెయ్యండి. లెయ్యండమ్మా. నిన్నటిదాకా బాగుంటిరి గదా. నిన్ను దంచినదాన్ని నేనే. కోపం ఉంటే నా మీద చూపించు. నా బిడ్డ జుట్టు ఇచ్చింది. ఇదిగో, నా చెల్లెలు బతుకంతా ఇచ్చింది. దాని ముఖం చూసన్నా లెయ్యి. నంద్యాల ఎండ నాకే తట్టుకోలేకుండా ఉండాది, నీకు తెలియదా ఏమన్నా?"

మొక్కలు మాటలు వినవు. అది నాకు తెలుసు, అక్కకూ తెలుసు. ఆమె మాత్రం ఆపలేదు. బుజ్జగించింది, తిట్టింది, మళ్లీ బుజ్జగించింది. చిన్నప్పుడు అన్నం తినననే సమన్విని ఇలాగే సాధించేది. పొద్దు పడమటికి తిరిగింది. కిటికీలోంచి ఎండ తప్పుకుంది.

"పిన్నీ," అంది సమన్వి నెమ్మదిగా.

మొదటి మొక్క కొస కొంచెం లేచినట్టుంది. నా కళ్లను నేను నమ్మలేదు. దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాను. లేచింది. దాని పక్కది లేచింది. ఎండకు అలసి తల వంచాయి గానీ తెగులుకు కాదు. అంతే. చల్లబడగానే లోపలి నీళ్లు ఎక్కాయి. తెగులు గొంతు నొక్కిన మొక్క మళ్లీ నీళ్లు తాగలేదు. సాయంత్రానికి మా వరుస మొత్తం, ఒక్కటీ తప్పకుండా, నిటారుగా నిలబడింది. పక్కన మామూలు వరుస ఎండుగడ్డిలా పడి ఉంది.

ఫయాజ్‌ను కేకేశాను. అతను వచ్చి చూసి, తల పట్టుకుని, పెద్దగా నవ్వుతూ నేల మీదే కూర్చుండిపోయాడు. సమన్వి స్కార్ఫు విప్పి గాల్లోకి విసిరింది. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

అక్క పీట మీంచి లేవలేదు. మొక్కలను ముట్టుకోలేదు. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, చాలాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. తరువాత నా వైపు తిరిగింది. ఆ పెళ్లి రోజు తరువాత ఆమె ముఖంలో అలాంటి తేటదనం నేను చూడలేదు.

"ఆకలైతాందే," అంది. "తిననీకి ఏమన్నా ఉండాదా మీ లాబులో?"